బల్ల మీద మిగిలిన సంచి

మా లెక్కల టీచరమ్మ పోయారు. ఖరగ్‌పూర్ తెలుగు బడిలో చదివిన వాళ్లలో చాలామందికి ఈపాటికి ఫోన్లలో తెలిసే ఉంటుంది. తెలియని వాళ్లకి నేను చెబుతున్నాను. మధ్యాహ్నం అన్నం బెల్లుకి ముందు, ఎనిమిదో తరగతి పిల్లలకి లెక్క చెబుతూ చెబుతూ కుర్చీలో కూర్చున్నారట. మళ్లీ లేవలేదు. నేను అదే బడిలో సైన్సు చెబుతాను, పక్క గదిలోనే ఉన్నాను. పిల్లలు కేకలేస్తే పరిగెత్తాను. ఆటోలో ఆమె తల నా ఒళ్లోనే ఉంది. ఆస్పత్రికి చేరేసరికే అయిపోయిందని డాక్టరు చెప్పాడు.

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. ఈ మాట మా అన్నకి ఎలా చెప్పాలి?

ఆమెకీ మా అన్నకీ మధ్య ఉన్న ఎడం సంగతి మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో కొందరికి తెలుసు. పైకి ఎవరూ అనరు. సంతాప సభల్లో అలాంటివి మాట్లాడరు గనుక నేను రాస్తున్నాను.

రైల్వే ఊళ్లో చావుకి ఒక తోక ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. శవం లేవకముందే ఆ మాట మొదలవుతుంది. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఒక పొద్దున్న డ్యూటీకి వెళ్లినవాడు అక్కడే గుండె ఆగి పోయాడు. అప్పుడు అన్న పదో తరగతి, నేను ఎనిమిది. బడికి మనిషొచ్చి మా ఇద్దరినీ తీసుకుపోయాడు. సంచులు బెంచీల మీదే ఉండిపోయాయి.

దహనం అయ్యాక, సాయంత్రం, మా క్వార్టరు ముందు టీచరమ్మ సైకిలు ఆగింది. హేండిలుకి ఒక పక్క అన్న సంచి, ఇంకో పక్క నా సంచి. చావింటికి వచ్చినవాళ్లు వాకిట్లోనే నిలబడి నాలుగు మాటలు చెప్పి పోతున్నారు. ఆమె తిన్నగా లోపలికి వచ్చి, గోడకున్న మేకుకి రెండు సంచులూ తగిలించారు.

"మైలంటుకుంటాది టీచరమ్మా," అన్నాడు మా చిన్నాన్న గుమ్మంలోంచి.

"బడి సంచికి మైలేటి?" అన్నారామె. అమ్మ పక్కన నేల మీద కూర్చున్నారు.

చిన్నాన్న అప్పటికే అన్నీ తేల్చేసి ఉన్నాడు. "పెద్దోడికెలాగూ వాళ్ల బాబు ఉజ్జోగం ఒస్తాది. పద్దెనిమిదేళ్లు నిండేదాకా నాతోపాటు పని నేర్సుకుంటాడు. ఇంక సదువెందుకు? గుంటకేదో సంబందం సూసేద్దాం."

టీచరమ్మ అతని వైపు చూడలేదు. అమ్మతో అన్నారు: "ఆ ఉద్యోగం నువ్వు చెయ్యి."

అమ్మ బజారుకి కూడా ఒంటరిగా వెళ్లిన మనిషి కాదు. "మగోళ్ల మద్దెన నానేటి సేత్తానమ్మా?"

"ఊడవమంటే ఊడుస్తావు. మొయ్యమంటే మోస్తావు. పిల్లలిద్దరూ చదువుకుంటారు."

చిన్నాన్న అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆమె అన్నీ విని, లేచి, "రేపు మళ్లీ వస్తాను" అన్నారు. వచ్చారు. కర్మ అయ్యేదాకా రోజూ వచ్చారు. పట్టిన పట్టు విడిచే రకం కాదు. ఆఖరి బెంచీవాడికి లెక్క వచ్చేదాకా, బెల్లు కొట్టినా సరే, బోర్డు తుడవనిచ్చేవారు కాదు. ఆ మొండితనంతోనే మా ఇంటి మీదకీ వచ్చారు.

అమ్మ ఖలాసీగా చేరిన పొద్దున్న ఆమె సైకిలు నడిపించుకుంటూ వర్క్‌షాపు గేటు దాకా తోడొచ్చారు. సైరను మోగింది. అమ్మ కాళ్లు కదల్లేదు. లోపలికి పోతున్న ఒక బెంగాలీ ఆవిడ చూసి, "భయ్ నేయ్ దీదీ," భయం లేదక్కా అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. అమ్మ ఇప్పటికీ అక్కడే పని చేస్తోంది. మోకాళ్లు పోయాయి. ఆ క్వార్టరే అమ్మ పేరుకి మారింది, అందులోనే ఉన్నాం. నేను ఎమ్మెస్సీ చేసి, చదివిన బడిలోనే పంతులమ్మనయ్యాను. కథ ఇక్కడితో ఆపితే బాగుంటుంది. వేదికల మీద ఇక్కడితోనే ఆపుతారు.

అన్న కూడా చదివాడు. మాధ్యమిక్, అంటే ఇక్కడి పదో తరగతి పరీక్ష, మంచి మార్కులతో దాటాడు, డిగ్రీ చేశాడు. ఆ తర్వాత రైల్వే పరీక్షలు రాశాడు. వయసు దాటిపోయేదాకా రాస్తూనే ఉన్నాడు. అతనితోపాటు పదో తరగతి కూర్చుని తప్పినవాళ్లు, తండ్రుల ఉద్యోగాల్లో చేరినవాళ్లు, ఇవాళ క్వార్టర్లలో కాలు మీద కాలేసుకుని ఉన్నారు. మా అన్న ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాడు. రేపట్నుంచి రావద్దంటే అడిగే దిక్కు లేదు. ఒక సంబంధం ఖాయమయ్యి కూడా, ఉద్యోగం పర్మనెంటు కాదని తెలిసి తప్పిపోయింది.

ఆ సంబంధం తప్పిన రోజు అన్నం ముందు కూర్చుని నాతో అన్నాడు: "టీచరమ్మ నీకు సదువిచ్చింది. నా ఉజ్జోగం తినేసింది. ఠీక్ హై. ఒకలకి పెట్టాలంటే ఒకల కంచం లాగాల మరి."

అమ్మ ఆ పూట తినలేదు. అతని మాటలో అబద్ధం లేదని మా ఇద్దరికీ తెలుసు. ఆ ఇంట్లో నా చదువు గురించి గర్వంగా ఒక్క మాట అనుకోవడానికి కూడా మాకు నోరు రాలేదు ఏనాడూ.

టీచరమ్మ రిటైరయ్యాక ఆమె చోటులోకి ఎవరూ రాలేదు. జీతం లేకుండానే వచ్చి లెక్కలు చెప్పేవారు. అదే సైకిలు. హేండిలుకి గుడ్డసంచి, అందులో గొడుగు, సుద్దముక్కలు, అన్నం కేరేజీ. దారిలో మా అన్న ఎదురైతే సైకిలు దిగి పక్కన నిలబడేవారు. పలకరించేవారు కాదు. అన్న సందులోకి తిరిగిపోయేవాడు. మర్నాడు స్టాఫు గదిలో నన్ను పట్టుకుని, "పెద్దోడు చిక్కినాడేటే?" అని అడిగేవారు. "ఏ షిఫ్టు ఇప్పుడు? వేళకి తింటున్నాడా?" నా సంగతి ఒక్కనాడూ అడగలేదు. నాకు ఒళ్లు మండేది, దాచడమెందుకు.

ఏటా చలికాలంలో బడిలో పూర్వ విద్యార్థుల సభ జరుగుతుంది. డాక్టర్లు, ఆఫీసర్లు వేదికెక్కి ఆమెకి శాలువా కప్పేవారు. ఆమె ఇంటికి పోతూ ఆ శాలువా వాచ్‌మన్ భుజాన వేసి పోయేవారు. ఒక ఏడు నా పక్కన కూర్చుని, "వీళ్లంతా నేను లేకపోయినా చదువుదురు" అన్నారు చిన్నగా. ఆ మాట విన్నాక నాకు ధైర్యం వచ్చింది. మా అన్న విషయంలో ఏమనుకుంటున్నారని అడిగాను.

వేదిక వైపే చూస్తూ అన్నారు: "ఆ రోజు మేకుకి రెండు సంచులూ ఒక్కసారే తగిలించినాను. ఇద్దరికీ ఒకటే మేలనుకున్నాను. కాదు. నేను అడ్డుపడకపోతే నువ్వేటయ్యేదానివో తెలుసు. వాడేటయ్యేవాడో కూడా తెలుసు. ఇది నాతోనే పోతాది."

ఆమెని ఓదారుద్దామనుకున్నాను. ఏం చెప్పినా అన్నకి అన్యాయం చేసినట్టే ఉండేది.

ఆమె పోయిన రోజు నేను ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి అన్న షిఫ్టుకి బయల్దేరుతున్నాడు. చెప్పాను. "ఎప్పుడు?" అన్నాడు. మధ్యాహ్నం అన్నాను. మేకు మీంచి టిఫిను సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

టీచరమ్మ ఒంటరి మనిషి. శ్రీకాకుళం నుంచి చెల్లెలి కొడుకు రావాలని మర్నాటిదాకా ఉంచారు. పొద్దున్నే బడి వరండాలోకి తెచ్చారు. పేరొచ్చిన వాళ్లంతా దండలతో వచ్చారు. ఎంతమంది ఇంజనీర్లని తయారుచేశారో ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. నేను గేటు వైపే చూస్తూ నిలబడ్డాను. అన్న పొద్దున్న ఎక్కడికో చెప్పకుండా వెళ్లిపోయాడు. శవం లేచేదాకా రాలేదు. శ్మశానానికీ రాలేదు. ఇంక రాడు, వచ్చి మాత్రం ఎవరికని, అనుకున్నాను.

తలకి పోసుకుని గడప మీద కూర్చున్నాను. చీకటి పడుతుండగా అన్న సైకిలు వచ్చింది. హేండిలుకి టీచరమ్మ గుడ్డసంచి వేలాడుతోంది.

ఆమెని ఆటో ఎక్కించే తొందరలో ఆ సంచి తరగతి గదిలో బల్ల మీదే ఉండిపోయింది. నాకు గుర్తే లేదు. పొద్దున్న ఆ గది ముందు నుంచే దండలు మోసుకుంటూ అంతమందిమి తిరిగాం.

"అందరూ ఎలిపోయినారు. బల్ల మీద ఒగ్గేసినారు," అన్నాడు ఎవరినీ చూడకుండా. అందరూ పోయాక బడికెళ్లి ఆ సంచి ఆమె ఇంటికి తీసుకెళ్లాడట. చెల్లెలి కొడుకు తాళం వేసుకుని వెళ్లిపోయాడట.

అమ్మ గుమ్మానికి అడ్డం వచ్చింది. "పోయినోల సంచిరా. లోనకి తేకు, మైల."

"బడి సంచికి మైలేటి?" అన్నాడు అన్న.

అమ్మ పైట నోట్లో కుక్కుకుని పక్కకి తప్పుకుంది. అన్న కేరేజీ తీసి ఇచ్చాడు. అందులో ఆమె తినని అన్నం పులిసిపోయి ఉంది. అమ్మ పెరట్లో కూర్చుని దాన్ని తోముతూ పెద్దగా ఏడ్చింది. తడి తుడిచి తిరిగి సంచిలో పెట్టింది. అన్న క్షమించానని అనలేదు, అనడు కూడా. మేకుకున్న తన టిఫిను సంచి తీసి నేల మీద పెట్టాడు. ఆ మేకుకి ఆమె సంచి తగిలించాడు.

మర్నాడు షిఫ్టుకి పోతూ వంగి నేల మీంచి తన సంచి తీసుకున్నాడు. గొడుగు పిడి బయటికి కనిపిస్తూ, ఆమె సంచి గోడకి అలాగే ఉంది.