కాలేజీకి జత

మా జమ్మలమడుగు వీధిలో ఆడపిల్ల పై చదువుకు పోవాలంటే మార్కుల కంటే ముందు జత కావాలి. అదే వీధి నుంచి, అదే బస్సులో పోయే ఇంకో పిల్ల. నా చిన్నప్పుడు ఆ జత దొరకకే నేను బడి ముఖం చూడలేదు. నాయన ఓపిగ్గా ఇంట్లోనే చదవడం, రాయడం నేర్పించాడు. ఆయన కోసం ఇప్పటికీ ప్రతి నమాజులో దువా చేస్తాను.

మా పాపకు ప్రొద్దుటూరులో డిగ్రీ సీటు వచ్చింది. ఎదురింట్లో గొర్రెలు మేపే వాళ్ల పిల్లకూ అదే కాలేజీ. మా ఆయన ఒకటే మాట అన్నాడు.

"ఆ పిల్ల పోతేనే మన పిల్ల. ఒక్కదాన్నే పంపేది లేదు."

కాలేజీ ఇంకో వారంలో తెరుస్తారనగా, ఆ పిల్లను చూడడానికి పులివెందుల నుంచి పెళ్లివారు వచ్చారు. వాళ్ల జీపు ఎదురింటి ముందు ఆగడం మా గుమ్మంలోంచి చూశాను. మధ్యాహ్నం నమాజులో చేతులు చాచి కూర్చున్నాను. సంబంధం తప్పిపోవాలని అడిగితే ఇంకొకరి బిడ్డకు కీడు కోరినట్టు. కుదరాలని అడిగితే నా బిడ్డ చదువు ఆగిపోతుంది. ఏమీ అడగలేక ముఖం తుడుచుకుని లేచాను.

సాయంత్రం ఎదురింటామె మైసూరుపాకు తెచ్చింది.

"కుదిరిందక్కా! వచ్చే నెలలోనే పెండ్లి."

"శానా సంతోషం."

"ఏం సంతోషమో! ఆముదం తాగినట్ల పెట్టినావు మొగం."

పాప మైసూరుపాకు ముట్టలేదు. వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికేసుకుంది. అన్నం తినేటప్పుడు నేనే ధైర్యం చేశాను.

"పాపకు జత నేను పోతా."

మా ఆయన నవ్వాడు. "ఈ వయసులో నీకేం డిగ్రీ?"

"డిగ్రీ పాపకు. నేను బస్సులో పక్కన కూసుంటా."

"ఎన్నాళ్లు కూసుంటావు?"

"ఇంకో జత దొరికేదాకా."

 కాలేజీ తెరిచిన రోజు పొద్దున ఆయనే బస్సుకు చిల్లర తీసిచ్చాడు. అల్హందులిల్లా, ఆ రోజుకు అది చాలనుకున్నాను.

పాప కాలేజీలోకి పోయాక ఎదురుగా టీ బంకు దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. ఇంట్లో పొయ్యి వెలిగించేదెవరు, ఆయన మనసు మారితే ఎట్లా, నా మోకాళ్లు ఎన్నాళ్లు ఓర్చుకుంటాయి, అన్నీ గుబులే. కాలేజీ వదిలాక పాప ఇంకో అమ్మాయితో నవ్వుకుంటూ బయటికి వచ్చింది. ఆ అమ్మాయిది మా వైపే కావాలని గబగబా దువా చేసుకున్నాను.

బస్టాండులో ఆ పిల్ల మాకు ఎదురు దిక్కుకు పోయే మైదుకూరు బస్సెక్కింది.