ఫోనులో పట్టుచీర బేరం

అక్షరాలు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో కంటబడ్డదల్లా చదివేదాన్ని. అగ్గిపెట్టె, బస్సు వెనక రాత, మందు డబ్బా, ఏదీ వదల్లేదు. అరవై దాటాక కోడలి దగ్గర కూర్చొని నేర్చుకున్న చదువు మరి (పలక కొనమంటే నవ్వింది గానీ కొన్నది). అచ్చులో ఉన్నదంటే ఎవరో పెద్దమనిషి ఆలోచించి రాసి ఉంటాడని నా నమ్మకం. అబద్ధాలు నోటితో ఆడతారు, ఎవరైనా రాసి పెడతారా అనుకునేదాన్ని.

అప్పుడే మొగుళ్లపల్లిలో ఉన్న మా చెల్లెకు ఒడిబియ్యం పోయాల్సి వచ్చింది. పుట్టింటివాళ్లు ఆడపిల్ల ఒడి నింపి చీర పెట్టే వేడుక అది. అమ్మానాన్నలు లేరు, అన్నదమ్ములు లేరు, దానికి పుట్టిల్లంటే నేనే. పెళ్లినాడు కూడా అరువు చీర కట్టుకున్న పిల్ల. ఈసారైనా పట్టుచీర పెట్టాలని నా పంతం. కేసముద్రం దుకాణాల్లో ధర విని, వెళ్లినంత వేగంగా బయటికొచ్చాను. ఇంటికొస్తే ఫోనులో ఆకుపచ్చ పట్టుచీర, ఆరువందలు! పక్కనే ఒక గడియారం, ఇంకా కాసేపే గడువు ఉన్నదని తరుముతోంది.

"గిది దొంగ దుకాణం అత్తమ్మా," అన్నది కోడలు. "ఊరు లేదు, పేరు లేదు. పైసలేమో ముందుగాల్నే కట్టాల్నట. గంత పట్టు గింత అగ్గువకు ఎవలిస్తరు?"

"రాసి పెట్టిండ్రు గదనే! నీకు మా చెల్లె మీద కుళ్లు."

"నాకెందుకు కుళ్లు? జర ఆ గడియారం ఒడవనియ్యి, చూద్దాం."

గడువు అయిపోయింది. అయ్యో, చీర పోయిందనుకున్నాను. అంతలోనే గడియారం మళ్లీ మొదటినుంచి తిరగడం మొదలుపెట్టింది. కోడలు నా మొహం చూసింది. "మా చెల్లె అదృష్టం" అన్నాను నేను (అంత మొండిదాన్ని).

కింద నంబరు ఉంటే ఫోను చేశాను. సంతలో కూరగాయలమ్మి బతికినదాన్ని, బేరమాడకుండా ఎట్లా కొంటాను?

"మూడువందలకు ఇస్తవా, బిడ్డా?"

"సరే మేడమ్, ఇప్పుడే పంపండి."

"రెండువందలు?"

"సరే మేడమ్, తొందరగా."

ఫోను పెట్టేశాను. నా జన్మలో నేనడిగిన ధరకు గొణక్కుండా ఇచ్చినవాడు లేడు. సరుకు ఉన్నవాడు ఏడుస్తాడు, "పో అవ్వా" అంటాడు, పోతుంటే వెనక్కి పిలుస్తాడు. "వీని దగ్గర చీర లేదే," అన్నాను. కోడలు చాయ తెచ్చి చేతికిచ్చింది.

చెల్లెను మహబూబాబాద్ బజారుకు రమ్మని, పట్టు నా వల్ల కాలేదని తల దించుకుని చెప్పాను.

"పట్టు కట్టి పత్తి ఏరుతనా అక్కా?" అని అది ఎర్రటి నూలుచీర లాగింది. "గిది తీసుకుంట. రోజు కడ్త. పెట్టెల దాస్తె నువ్వు పెట్టినవని ఎవలకు తెలుస్తది?"

"దుకాణం మూసుకోమంటవా అవ్వా?" అని నా బేరానికి సేటు మొత్తుకుంటుంటే చెవులకు ఎంత హాయిగా ఉందో!

మొన్న మొగుళ్లపల్లి వెళ్తే చెల్లె ఆ చీర కొంగు నడుముకు దోపి మిరపకాయలు ఎండబోస్తోంది. భుజాల దగ్గర రంగు వెలిసింది, అంచు చిరిగింది.

"పాతగైంది, వేరేది కట్టరాదే," అన్నాను.

"నువ్వు గూడ ముడుతలు పడితివి. నిన్ను మార్చిన్నా?"

పట్టు కోసం ఫోను ముందు చెమటలు కక్కిన ఆనాటి నేనే గుర్తొచ్చి నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లూ వచ్చాయి (మిరప ఘాటు అని చెల్లెతో అన్నాను).