అందరికీ కలిపి ఒకే నంబరు

ఆఫీసులో ఆమెను అందరూ తాళంకప్ప అనేవాళ్లు. ఆమెది ప్రోగ్రాములు రాసే పని. ఏ వివరం రాసినా దాని ముందు ప్రైవేట్ అనే మాట తగిలించేది. ఇక ఆ వివరం బయటివాళ్లెవరికీ కనబడదు. కావలసినవాళ్లు ఆమె పెట్టిన మీట నొక్కి పని చేయించుకోవాలే తప్ప లోపలికి తొంగిచూడ్డానికి లేదు. సాక్షాత్తూ దేవుడొచ్చినా "మీట నొక్కండి స్వామీ" అనేదే గాని తలుపు తీసే ఘటం కాదు. ఆవలించినా నోరు కనబడనివ్వదని పక్కసీటు అమ్మాయి ఊరంతా చాటింది.

"అక్కా, నీ వయసన్నా పబ్లిక్ చెయ్యవే."

"నీ నోరు నువ్వు ప్రైవేట్ చేసుకున్న రోజున చూద్దాంలే."

ఇంత తాళంకప్పా తన సొంత అక్క దగ్గర మాత్రం బార్లా తెరిచిన తలుపే. తల్లి పోయేనాటికి ఈమెకు నాలుగేళ్లు, అక్కకు పందొమ్మిది. బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టి పెంచింది అక్క. సంబంధం మాట్లాడ్డానికి ఎవరొచ్చినా "ఇదీ నాతోనే వస్తుంది" అని ముందే చెప్పేది. వాళ్లు టీ కూడా ముట్టకుండా లేచిపోయేవాళ్లు. "పోన్లేవే, మనకే రెండేసి కప్పులు," అని నవ్వేది.

ఆ అక్క గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరింది. అక్కడ కొత్తగా పెట్టబోయే ప్రోగ్రాము తాళంకప్ప రాసిందే. ఒక్కో రోగికి ఒక్కో రికార్డు. బంధువు ఫోన్ నంబరు మామూలుగానే ప్రైవేట్. నర్సు మంచం నంబరు కొట్టి మీట నొక్కితే ఫోను దానంతటదే వెళ్తుంది, నంబరు మాత్రం ఎవరికీ కనబడదు.

అప్పగించాల్సిన రోజు సాయంత్రం తెరమీద ఎర్రగీత పడింది. ఫోను చేసే భాగం అందరికీ ఉమ్మడిది, ప్రోగ్రాము భాషలో స్టాటిక్. అది ఏ రోగి నంబరు తీసుకోవాలో తేల్చి చెప్పందే కదలనని కంప్యూటరు మొరాయించింది. సరిగ్గా మారిస్తే గంట పని. అవతల అక్కను చూడనిచ్చే వేళ దాటిపోతోంది. నంబరు ముందు కూడా స్టాటిక్ అని ఒక్క మాట చేర్చింది. గీత పోయింది. ఆ మాట అర్థం ఆమెకు తెలియక కాదు. ఎవరి పలక వాళ్లకుండదు, అందరికీ కలిపి గోడమీద ఒకే నల్లబల్ల. చివర రాసిందే మిగులుతుంది. రేపు మార్చుదాంలే అనుకుంది. ఒక్క రోగిని ఎక్కించి నొక్కి చూస్తే చక్కగా మోగింది. అప్పగించేసి సంచీ భుజాన వేసుకుని పరిగెత్తింది.

మర్నాడు అక్కకు పరీక్షలు, ఆ మర్నాడు ఆయాసం. స్టాటిక్ సంగతి గుర్తే రాలేదు.

నాలుగోరోజు మధ్యాహ్నం ఉతికిన బట్టలు పట్టుకుని వెళ్లేసరికి అక్క ముఖం మీదికి దుప్పటి లాగి ఉంది.

"మూడుసార్లు ఫోన్ చేశాం మేడం! వస్తున్నానన్నారు కూడా!" అంది అక్కడున్న ఒక నర్సు.

"నాకు ఫోనే రాలేదు."

మంచం పక్కన స్టూలు మీంచి ఒక దర్జీ లేచాడు. మెడలో టేపు అలాగే ఉంది. వాళ్ల నాన్నను ఆ పొద్దునే చేర్చారు. అందరికంటే చివర ఎక్కింది అతని నంబరు.

"మా నాన్నకేమో అయిందని గుండెలు బాదుకుంటూ వచ్చానమ్మా. ఆయనేమో పేపరు చదువుకుంటూ, నీకేం పని లేదా అని తిట్టాడు. అంతలో మళ్లీ నా ఫోనే మోగింది. చూస్తే ఇంకో నర్సమ్మ ఈ మంచం కోసం నొక్కుతోంది. పొరపాటని తెలిసి మీ నంబరున్న ఫారం కోసం ఆమె పైకి పరిగెత్తింది, ఇంకా దిగలేదు. ఇక్కడెవరూ లేరని ఈవిడ చెయ్యి పట్టుకున్నాను. కళ్లు మూసుకునే, వచ్చావటే అంది."

"మీరేమన్నారు?"

"నోరు విప్పితే మగగొంతని తెలిసిపోదూ? చెయ్యి గట్టిగా నొక్కానంతే."

తాళంకప్ప ఏడవలేదు. అక్కడే నేలమీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. గంట పడుతుందనుకున్న పని నలభై నిమిషాల్లో అయింది. పాత నంబర్లన్నీ చెరిగిపోయాయి కనక నర్సు ఫారాలు తెచ్చి ఇచ్చింది. ఆమె ఒక్కొక్కటే ఎక్కించి, మీట నొక్కి, "మీ వాళ్లు బాగానే ఉన్నారు, ఊరికే చూశాం," అని ఒక్కొక్కరికీ చెప్పింది. పందొమ్మిది ఇళ్లకు చెప్పింది.

ఇంకో ఫారం మిగిలింది.

"అది వద్దులే మేడం," అంది నర్సు.

ఇవ్వమని చెయ్యి చాపింది. కర్రల్లాంటి అక్క అక్షరాలు. ఎవరికి తెలియజేయాలి అన్న చోట తన నంబరు. వరస అన్న చోట చెల్లెలు అని రాసి, కొట్టేసి, కింద కూతురు అని రాసింది.

తాళంకప్ప కూతురు అనే టైపు చేసింది. నర్సు అలవాటుగా మీట మీదికి వేలు పోనిస్తే, ఆ వేలు పట్టుకుని ఆపింది. ఎంతసేపటికీ వదల్లేదు.