సైలస్ జట్టులో చోటెవరికి

సైలస్ కుదురుగా కూర్చోవడం సీతాఫల్‌మండిలో ఎవరూ చూడలేదు. స్కూల్లో కంప్యూటర్ పాఠం చెబుతూ బెంచీల మధ్య తిరుగుతాడు. చర్చిలో క్వయర్ నడిపిస్తూ పాట అవకముందే పేజీ తిప్పేస్తాడు. శనివారం మధ్యాహ్నాలు చెల్లెలు ప్రిసిల్లా తిరుమలగిరి నుంచి వస్తుంది. ఇద్దరూ టీవీ ముందు చెరో కంట్రోలర్ పట్టుకుని కత్తులూ మంత్రాల వీడియో గేమ్ ఆడతారు. అక్కడా ఇతని కాలు ఊగుతూనే ఉంటుంది.

ఆ ఆటలో జట్టుకు నలుగురే. అన్నాచెల్లెళ్లు పోగా ఒక చోటు ఇల్వాది. ఆటలోనే ఉండే పాత్ర, గాయాలు మాన్పే మనిషి. ఇంకో చోటు ఖాళీ. దానికి దొరికినవాడు మోరెన్. కత్తి తిప్పడంలో అతన్ని మించినవాడు లేడు. ఇల్వా ఊరిని తగలబెట్టింది కూడా అతనే. ఇప్పుడు పశ్చాత్తాపపడ్డానంటున్నాడు.

ప్రిసిల్లా టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. తెర మీద రెండు దారులు కనిపించాయి. ముందు ఇల్వాను విడిగా అడగవచ్చు. లేదా చలిమంట దగ్గర అందరి ముందూ మోరెన్ చేత తప్పు ఒప్పించవచ్చు. సైలస్ రెండోది నొక్కాడు. వాళ్ల చర్చిలో పద్ధతి అదే మరి. తప్పు చేసినవాడు ముందుకొచ్చి సాక్ష్యం చెబుతాడు. దెబ్బ తిన్నవాళ్లను పిలిచి చెయ్యి కలిపిస్తారు. అందరూ ఆమెన్ అంటారు. నీకు ఇష్టమేనా అని ముందుగా అడిగే ఆచారం మాత్రం లేదు. క్షమించేయడానికి అంత తొందర ఎప్పుడూ దెబ్బ తగలని వాళ్లకే ఉంటుంది.

మోరెన్ చక్కగా చెప్పుకున్నాడు. ఇల్వా విని, మూట సర్దుకుని వెళ్లిపోయింది.

“ఇల్వా ఏదీ?” టీ కప్పులు పెడుతూ అడిగింది ప్రిసిల్లా.

“పోయింది. మోరెన్ సారీ చెప్పిండు, ఆమె వినలే. జెర ఓపిక ఉండాలె కదా మనిషికి.”

“ముందు ఆమెను అడిగినవా?”

“అడిగితే వద్దంటది. అందరి ముందయితే కాదనలేదనుకున్న.”

ప్రిసిల్లా కూర్చోలేదు. “నన్ను సుత గిట్లనే నిలబెట్టినవ్ కదా అన్నయ్యా.”

కొన్నేళ్ల కిందట చర్చి సెక్రటరీ డేవిడ్ రాజు ఆమె నడవడి మీద పుకారు పుట్టించాడు. కుదిరిన పెళ్లి తప్పిపోయింది. తర్వాత అతను సాక్ష్యం చెప్పి ఏడ్చాడు. ప్రిసిల్లాను వరసలోంచి లేపి ముందుకు నడిపించింది సైలసే. ఆమె చెయ్యి కలిపింది. అంతమంది చూస్తుంటే ఇంకేం చేస్తుంది?

సైలస్ లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చాడు.

“ఏందీ, పరేషాన్ అయితున్నవ్? ఇంకేం చేసినవ్?” అంది ప్రిసిల్లా.

చెప్పక తప్పలేదు. ఈస్టర్ పాటలకు క్వయర్‌లో కింది స్థాయిలో పాడే బేస్ గొంతు లేదు. డేవిడ్ రాజుది మంచి బేస్. రేపటి ప్రాక్టీసుకు రమ్మని అతన్ని నిన్ననే పిలిచేశాడు సైలస్.

“నేను పాడేది సోప్రానో. నా వెనకనే నిలబెడ్తవా ఆయన్ని?”

“బేస్ వాళ్ల ప్లేసే అది. ఆయన మారిండు, ప్రిస్సీ.”

“మారనీ, మంచిదే. వేరే చర్చిల పాడుకోనీ. నేనేం శాపం పెడ్తలే. ఆయన వస్తే నేను రాను, గంతే. ఈ శనివారాలు సుత రాను.”

సైలస్ నిలబడిపోయాడు. అమ్మానాన్నలు పోయాక ఇద్దరూ కలిసి కూర్చునేది ఈ ఒక్క పూటే.

“పాత సేవ్ నుంచి మళ్లీ షురూ చేస్తా,” అన్నాడు.

“ఆట సంగతి పక్కన పెట్టు. ఫోన్ చెయ్యి.”

ఫోన్ తీశాడు. ప్రాక్టీసు వాయిదా పడిందని చెప్పవచ్చు. పాటే మార్చేశామని చెప్పవచ్చు. డేవిడ్ రాజు పరువు నిలబెట్టే అబద్ధాలకేం కొదవ లేదు. ప్రిసిల్లా పరువు పోతున్నప్పుడు అలాంటిది ఒక్కటీ ఎవరికీ తోచలేదు.

“డేవిడన్నా, రేపు రాకండి. లేదు, ప్రాక్టీసు ఉంది. మీరే రావద్దు. ప్రిసిల్లాను అడగకుండ మిమ్మల్ని పిలిచిన. తప్పు నాదే.”

అవతల క్షమాపణ మీద బైబిల్ వాక్యం మొదలైంది. సైలస్ గదిలో అటూ ఇటూ తిరుగుతూ చివరిదాకా విన్నాడు.

“తెలుసన్నా. అయినా రావద్దు,” అని పెట్టేశాడు.

“పాస్టర్‌గారు అడిగితే ఏం చెప్తవ్?” అంది ప్రిసిల్లా.

“ఇదే చెప్తా.”

“అందరి ముందా?”

“అందరి ముందే.”

“చూద్దాం,” అంది. నమ్మినట్టు మాత్రం లేదు.