తలకిందుల థేమ్స్ మీద కుంకుమ బొట్టు

దయ్యాలంటే నాకు భయం లేదు, విసుగు. ఉద్యోగమంతా బడిలో భూగోళం చెప్పినదాన్ని. నది ఎందుకు వంపు తిరుగుతుందో, ఆటుపోట్లు ఎందుకు వస్తాయో నల్లబల్ల మీద గీసి చూపించినదాన్ని. ఇక్కడ మలేసియాలో, ఇపోలో, గుడి అరుగు మీద ఆడవాళ్ళు ఆత్మల కబుర్లు మొదలుపెడితే చెప్పులేసుకుని వచ్చేస్తాను. అలాంటిదాన్ని ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నాను. ఎవరినీ నమ్మించాలని కాదు. ఇంకా మనసులో పెట్టుకుని తిరగలేక.

మేం పుట్టి పెరిగింది బెర్నాం నది ఒడ్డున ఒక రబ్బరు తోటలో. మా తాత విశాఖ పక్క పల్లె నుంచి కూలికి వచ్చాడు. నాన్న కత్తి పట్టి రబ్బరు గీయలేదు, తోట మోటారు పడవ నడిపేవాడు. రబ్బరు షీట్లు ఎక్కించుకుని నది వెంట దిగువకు, హుటాన్ మెలింటాంగ్ రేవుకు వెళ్ళేవాడు. తిరిగి వచ్చేటప్పుడు దుకాణాల సామాను తెచ్చేవాడు.

ప్రతి శుక్రవారం అమ్మ తలంటు పోసుకుని, రేవుకు వెళ్ళి, పడవ ముక్కుకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. మా తోటలో పడవ వాళ్ళ ఆడవాళ్ళందరికీ ఆ అలవాటు ఉండేది. బొట్టు పెట్టిన పడవను గంగమ్మ తిరిగి ఒడ్డుకు చేరుస్తుందని నమ్మకం.

అవి మలేసియా ఇంకా మలయాగా ఉన్న ఎమర్జెన్సీ రోజులు. అడవిలో కమ్యూనిస్టులు, బయట బ్రిటిష్ సైన్యం, మధ్యలో మేము. మా కూలి ఇళ్ళ వరసల చుట్టూ ముళ్ళకంచె వేశారు. ఒక గుప్పెడు బియ్యం అడవిలోకి వెళ్ళిందని అనుమానం వస్తే చాలు, మనిషిని లాక్కుపోయేవారు.

అలాంటి ఒక శుక్రవారం పొద్దున్న, అమ్మ బొట్టు పెట్టిన పడవలోనే నాన్న వెళ్ళాడు. సాయంత్రానికి పడవా రాలేదు, నాన్నా రాలేదు.

అడవి ఎగువన ఉంది కాబట్టి సైన్యం వెతికిందీ ఎగువనే. ఏమీ దొరకలేదు. దాంతో సరుకుతో సహా వెళ్ళి అడవి వాళ్ళలో కలిసిపోయాడని తేల్చేశారు. అమ్మను పిలిపించి అడిగిందే అడిగారు. తోటలో వాళ్ళు మాతో మాట్లాడటం తగ్గించారు. కుళాయి దగ్గర మా బిందె వంతు వస్తే చాలు, అందరూ మాటలు ఆపేసేవారు. ఆ నిశ్శబ్దం తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అమ్మ తమ్ముడు సింహాచలం మావ హుటాన్ మెలింటాంగ్‌లో చేపల పడవల మీద పనిచేసేవాడు. వచ్చినప్పుడల్లా అక్కతో ఒకటే పోరు.

"అప్పా, ఎన్నాళ్ళిలాగ? దినం సేసెయ్యి. ఆయనకీ శాంతి నేదు, మనకీ నేదు."

"మడిసిని సూడకుండా దినమేటి? నాను సెయ్యను," అనేది అమ్మ.

నాకు అమ్మ బాధ అర్థమయ్యేది. నాన్న బతికే ఉంటే జనం అన్నట్టు ద్రోహి. చనిపోయి ఉంటే అమ్మ బొట్టు పోతుంది. రెండింట్లో ఏదీ వద్దని అమ్మ ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ కూర్చుంది. రోజూ పొద్దున్న అద్దం ముందు నిలబడి అంతంత పెద్ద బొట్టు పెట్టుకునేది. చూసి నవ్వేవాళ్ళు నవ్వేవారు.

అమ్మ దొర బంగ్లాలో వంట చేసేది. ఆ బంగ్లా ముందు గదిలో ఒక పాత పటం ఉండేది. బారెడు పొడవు, నల్ల చట్రం, అద్దం. అందులో లండన్ థేమ్స్ నది మ్యాప్, ఎప్పుడో గుర్రపుబండ్ల కాలంలో అచ్చు వేసింది. మధ్యలో నది మెలికలు తిరుగుతూ సముద్రం దాకా పోతుంది. అంచుల్లో వంతెనలు, బురుజులు, తెరచాప ఓడలు చిన్న చిన్న బొమ్మలుగా ఉంటాయి. రోజూ దుమ్ము దులిపేది అమ్మే. దులిపాక ఒకసారి కళ్ళకద్దుకునేది కూడా.

మెర్దెకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చింది. జెండా మారింది. దొర మూటాముల్లె సర్దుకుంటూ పనివాళ్ళకు తలా ఒకటి ఇచ్చాడు. ఒకరికి కుర్చీలు, ఒకరికి పింగాణి పళ్ళాలు. అమ్మ ఆ పటం అడిగింది. దొర నవ్వి ఇచ్చేశాడట.

నాకు తల కొట్టేసినట్టయింది. నేనప్పుడు తెలుక్ ఆన్సన్‌లో హాస్టల్‌లో ఉండి ఇంగ్లీషు బడిలో చదువుతున్నాను. సెలవులకు ఇంటికి వచ్చి, "అది మన గంగమ్మ కాదమ్మా, తెల్లవాళ్ళ నది," అన్నాను.

"ఏ ఊరిదైతే ఏటే? గంగమ్మ గంగమ్మే కదా లా," అంది, మలయ్ వాళ్ళ 'లా' చివర తగిలించి.

పైగా దాన్ని తలకిందులుగా తగిలించింది. అక్షరాలు రావు కాబట్టి ఆవిడకు పైనా కిందా లేవు. మా గోడకు ఎదురుగా నిలబడితే సముద్రం ఎడమ వైపు ఉంటుంది. పటంలో సముద్రం కుడి వైపు ఉంది. అందుకని తిప్పేసింది. బురుజులన్నీ గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. నేను సరిచేయబోతే చేయి పట్టుకుంది.

"సముద్రం అటేపు కదేటి? నీళ్ళు ఎనక్కి పారతాయేటి?"

పటాన్ని అలాగే వదిలేశాను. కానీ అలా తిప్పాక ఆ నది మా నదిలాగే కనిపించసాగింది. కుడి నుంచి ఎడమకు, సముద్రం వైపు. సముద్రం చేరే ముందు, మాకున్నట్టే, ఒక పెద్ద వంపు. మా నది మ్యాప్ చూసి పోల్చుకుందామంటే అది మాకు ఎక్కడ దొరుకుతుంది? ఎమర్జెన్సీలో మ్యాపులు సైన్యం చేతిలో ఉండేవి.

శుక్రవారం వచ్చింది. పడవ లేదు కాబట్టి అమ్మ పటానికి పసుపు రాసింది. కుడి చివర నది సన్నగా ఉన్న చోట, అది మన రేవు అనుకుని, అద్దం మీద బొట్టు పెట్టింది.

మర్నాడు ఆ బొట్టు అక్కడ లేదు. కాస్త ఎడమకు, నది గీత మీదే ఉంది.

అమ్మే చెరిపి మళ్ళీ పెట్టిందనుకున్నాను. అమ్మేమో నేను వేళాకోళం చేస్తున్నానని కోప్పడింది. తర్వాత రోజు ఇంకాస్త జరిగింది. తడి కుంకుమ జారిందంటే కిందికి జారాలి కదా? ఇది పక్కకు వెళ్తోంది. అది కూడా నది ఎక్కడ మలుపు తిరిగితే అక్కడ తిరుగుతూ. అద్దం మీద ఎక్కడా ఎర్ర చార లేదు. బల్లి పాకిందా, చీమలు మోశాయా, తేమా అని ఒకటొకటే చూశాను. చట్రం మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను.

ఒకరోజు అమ్మ పనికి వెళ్ళాక తలుపు గడియ పెట్టి, మధ్యాహ్నమంతా పటం ముందు కూర్చున్నాను. బొట్టు కదల్లేదు. పొయ్యి మీద అన్నం అడుగంటిన వాసన వస్తే లేచి దించి వచ్చాను. గింజెడంత జరిగి ఉంది. కూర్చోలేను, నిలబడలేను, బయటికి పోలేను. ఆ సెలవులంతా అదే వరస. తింటున్నా, చదువుతున్నా కళ్ళు గోడ మీదే ఉండేవి.

చివరికి బొట్టు పెద్ద వంపు దగ్గర ఆగిపోయింది. అమ్మ మళ్ళీ రేవు దగ్గర కొత్త బొట్టు పెట్టింది. అదీ బయలుదేరి, వెళ్ళి, మొదటి దాని పక్కనే ఆగింది.

అది చూసి అమ్మ ఏడవలేదు. పెద్ద వంపు దగ్గర వెతకాలి, పడవ తెమ్మని మావకు కబురు పెట్టమంది.

అప్పటికి మా వైపు ఆంక్షలు ఎత్తేశారు. నది మీద స్వేచ్ఛగా తిరగొచ్చు. ఇంటికి తాళం వేసి ముగ్గురం మావ తెచ్చిన పడవలో వెళ్ళాం. మావ దారంతా గొణుగుతూనే ఉన్నాడు, పటం చూసి నదిలో వెతకడమేమిటని. నేను కూడా మనసులో గొణుక్కుంటూనే ఉన్నాను.

పెద్ద వంపు దగ్గర ఆటు వేళకు నీళ్ళు తీసి ఉన్నాయి. బురదలోంచి నీపా అనే నీటి తాటి మట్టలు దట్టంగా లేచి ఉన్నాయి. వాటి వేళ్ళ మధ్య మావ గడకర్రతో పొడుస్తూ పోయాడు. ఒకచోట కర్ర ఠంగుమంది.

నాన్న పడవ బోర్లా పడి ఉంది. కింద రబ్బరు షీట్ల కట్టలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఆయన సరుకుతో ఎక్కడికీ పారిపోలేదు. తర్వాత పోలీసులు వచ్చి పడవ ఎత్తించినప్పుడు ఇంజను కింద ఎముకలు, నాన్న నడుము బెల్టు దొరికాయి. ఎలా మునిగిందో వాళ్ళకూ తెలియలేదు.

ఆ రోజు నీపా మధ్య మావ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "బావ పారిపోనేదప్పా, పారిపోనేదు," అని అదే మాట. అమ్మ నదిలో చేయి ముంచి, ఎవరూ చెప్పకుండానే, నుదుటి బొట్టు తుడుచుకుంది. నేను వద్దని చేయి పట్టుకున్నాను. విడిపించుకుని మళ్ళీ తుడుచుకుంది.

ఇంటికి వచ్చి తాళం తీశాం. పటం అద్దం మీద ఒక్క బొట్టు లేదు. పసుపు మాత్రం అంచుల్లో అలాగే ఉంది. నేను పెట్టిన పెన్సిల్ గుర్తులూ ఉన్నాయి. తాళంచెవి రోజంతా నా కొంగుకే ఉంది.

దినం చేశాం. తోట తోటంతా వచ్చింది. మాట్లాడటం మానేసిన వాళ్ళు కూడా వచ్చి తిని వెళ్ళారు. నాన్న పేరు నిలబడింది. నాకు అదే చాలనిపించింది. అమ్మకు చాల్లేదని చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. ఒకరోజు కూర తరుగుతూ, నేనేమీ అడక్కుండానే అంది.

"నాను ఆ బొట్టు పెట్టకపోయుంటే ఆయన ఇంకా వొస్తానే ఉండేవోడే."

నది వంపు లోపలి వైపు కొట్టుకొచ్చినవి నిలబడతాయని నేనే పిల్లలకు చెప్పాను. పడవ అక్కడ చిక్కుకోవడంలో వింత లేదు. కానీ బొట్టు అద్దం మీద పక్కకు ఎలా వెళ్ళింది, వంపు దగ్గరే ఎందుకు ఆగింది, తాళం వేసిన ఇంట్లో ఎవరు తుడిచారు? ఎంత ఆలోచించినా నాకు అందలేదు.

ఆ పటం ఇప్పుడు ఇపోలో మా ముందు గదిలో ఉంది, అమ్మ తగిలించినట్టే తలకిందులుగా. వచ్చినవాళ్ళు సరిచేయబోతే ఆపుతాను. శుక్రవారం తడిగుడ్డతో దుమ్ము తుడుస్తాను. బొట్టు మాత్రం పెట్టను, అది ఎక్కడికెళ్ళి ఆగుతుందోనని. మా అబ్బాయి పెనాంగ్‌లో ఓడల మీద పనిచేస్తాడు.