పొన్ను ముఖమున్న గాజుపలక

సంజీవి బండి తోలడానికి పోయి పటాలు తీయడం నేర్చుకొని వచ్చాడు. కోయంబత్తూరు దగ్గరి అవినాశి పక్క పల్లెలో వాళ్లది పత్తి పండించే ఇల్లు. కుంపిణీ పోయి రాణి దొరతనం వచ్చిన కొత్తలో, కోవెళ్ల పటాలు తీసే దొర ఒకడు కోయంబత్తూరులో దిగి ఎడ్లబండి కావాలన్నాడు. సంజీవి బండి కట్టాడు. గాజుపలకలు, మందుసీసాలు ఎక్కించుకొని మదురై దాకా పోయి, రెండేళ్లు దొర వెంట తిరిగాడు. మదురైలో పాత రాజుల అరమనెలో దొర పొద్దంతా ఊరికే నిలబడి, ఎండ వాలి స్తంభాల ఒంపు తేలాక మాత్రమే పటాలు తీసే పెట్టె మూత తీసేవాడు. అంతవరకూ ఎండను పత్తికి మంచిదా చెడ్డదా అనే చూసిన సంజీవి, ఆనాడు మొదటిసారి ఎండ అందం చూశాడు.

తన సీమకు తిరిగి పోతూ దొర పాత పెట్టెను, మిగిలిన మందులను అతనికే ఇచ్చాడు. ఇంటికి రాగానే సంజీవి పెళ్లాం పొన్నును పెరట్లో కూర్చోబెట్టాడు. ఆమె అతని అక్క కూతురే.

"ఇరవై లెక్కపెట్టేదాకా కదలవద్దే."

"నవ్వొస్తే, మామా?"

"మింగు."

మింగింది గాని, పెదవి మూల కొంచెం మిగిలిపోయింది. పలక ఆరాక చూసి పొన్ను నోరు నొక్కుకుంది. "అయ్యో మామా, మొగం బొగ్గు, తల నెరుపు! నన్ను అవ్వను చేసి పెట్టినావే!"

"పిచ్చిదానా, గాజులో నలుపే కాగితంలో తెలుపు. దీని కింద మందు పూసిన కాగితం పెట్టి ఎండలో ఉంచితే నీ మొగం నీ మొగంగా వస్తాది."

"అట్లయితే పెట్టు."

"అదే నాకు రాదు."

కాగితం పని, పలక మీది పొర ఊడకుండా మెరుగు పూసే పని దొర గుడారంలో తానొక్కడే చేసుకునేవాడు. మదరాసులో ఒక బొమ్మల బడిలో ఆ రెండూ నేర్పుతారని సంజీవి విన్నాడు. పొన్నుకు అప్పుడు మూడో నెల.

"పొయ్యిరా మామా. బిడ్డ పుట్టేలోపల వచ్చి చేరు. లేకుంటే వాళ్లమ్మ మొగం బొగ్గని బిడ్డతో నేనే చెప్పేస్తా."

పలకను గుడ్డలో చుట్టి, ఎవరూ తాకకుండా చూడమని పొన్నుకు చెప్పాడు. తల్లి తిరుమలమ్మాళ్‌కు చెప్పాలని తోచలేదు.

మదరాసులో దొరైసామి అనే పెద్దాయన నేర్పేవాడు. సంజీవి తీసిన మొదటి పటాలు చూసి పెదవి విరిచాడు. "మనిషిని స్తంభంలా నిలబెడుతున్నావయ్యా. స్తంభానికి ఎండ చాలు. మనిషి నిన్ను మరిచిపోయే గడియ ఒకటుంటుంది, దానికోసం కాచుకో." సంజీవి కాచుకున్నాడు. వలలు అల్లే జాలరుల దగ్గర, నేతగాళ్ల వాకిళ్లలో గంటలు గంటలు కూర్చున్నాడు. అలా కూర్చోగా కూర్చోగా పొన్ను పెదవి మూల మిగిలిన నవ్వు విలువ తెలిసింది. తాను తీసిన వాటిలో మొదటి మంచి పటం ఇంట్లో గుడ్డ చుట్టి ఉన్నదే.

మదరాసు చేరిన అయిదో నెలలో దొరైసామి శిష్యులను మహాబలిపురం తీసుకుపోయాడు. వారం అనుకున్నది మూడు వారాలైంది. సంజీవి కూడా తొందరపెట్టలేదు; రాతి మీద తెల్లవారి వెలుతురు రోజుకొక తీరుగా పడుతోంది. తిరిగి వచ్చేసరికి ఇంటినుంచి అరవంలో రాయించిన ఉత్తరం పదహారు రోజులుగా బడిలో పడి ఉంది. నెలలు నిండకుండానే కాన్పు వచ్చింది. తల్లీ బిడ్డా దక్కలేదు.

రైలు దిగి ఇంటిదాకా నడిచాడు. పలక ఉంది కదా, ఆ ముఖం ఉంది కదా అనుకుంటూనే నడిచాడు.

వాళ్ల ఇళ్లలో ముత్తయిదువుగా పోయినదాన్ని పేరంటాలుగా నిలుపుతారు. బుట్టలో కొత్త చీర, పసుపు, పూలు పెట్టి మొక్కుతారు. తిరుమలమ్మాళ్ కొడుకును పట్టుకొని ఏడ్చి, చేయి పట్టి దేవుడి మూలకు తీసుకుపోయింది.

"వేరే ఇండ్లలో ఒట్టి బుట్టకే మొక్కుతారప్పా. మనకు రూపమే ఉండె. శుక్రవారం పసుపునీళ్లు పోస్తిని. మొగానికి ఒకటే మసి, సామీ. రుద్ది రుద్ది కడిగితే అంతా పోయె. చూడు, మన పొన్ను ఎంత వెలుగుగా ఉండాదో!"

పూల నడుమ నిలబెట్టిన పలకలోంచి వెనక గోడ కనబడుతోంది. అంచుల్లో పసుపు చారలు.

"నేర్చుకొని వస్తివి కదా, కాగితంలో దించు. అక్క రేపు వస్తాది. కూతురి మొగం చూడాలని అన్నం ముట్టలే."

చెప్పాలని నోరు తెరిచాడు. తల్లి గోళ్లలో ఇంకా పసుపు ఉంది. నోరు మూసుకొని కాగితానికి మందు పూశాడు. పలకను దాని మీద అమర్చి ఎండలో పెట్టాడు. కాగితం ఊదాగా మారింది, తరువాత గోధుమరంగు, తరువాత ఈ అంచునుంచి ఆ అంచుదాకా నలుపు. దాన్నే నేర్చుకున్న పద్ధతి తప్పకుండా నీళ్లు మార్చి మార్చి కడిగి, ఆరబెట్టి తెచ్చి ఇచ్చాడు.

తిరుమలమ్మాళ్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఎక్కడప్పా?"

"నేను సరిగా నేర్చుకోలేదమ్మా."

"అయిదు నెలలు ఏం చేసినావురా ఆడ? కడుపుతో ఉండే పిల్లను వదిలి పొయ్యి, ఇది కూడా రాకుండానే వస్తివా?" అని ఆమె రొమ్ము బాదుకుంది.

ఆ తరువాత ఇరవై ఏళ్లు కోయంబత్తూరునుంచి మదురై దాకా అతను ముఖాలు తీశాడు. పటంలో మనిషి ఊపిరి తీస్తున్నట్టు ఉంటుందని జనం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఇంటి ముందు తిన్నె మీద తిరుమలమ్మాళ్ వాళ్లను ఆపేది.

"వేరే ఎవరినైనా చూడండప్పా. మావాడికి ఆ పని రాదు. పెళ్లాం మొగమే దించలేకపోయె."

లోపల పలకలకు మెరుగు పూస్తూ సంజీవి ఆ మాట వినేవాడు. ఆమె బతికున్నంత కాలం ఒక్కసారీ కాదనలేదు.