బీషా దారిలో నేను పెట్టిన టైమింగ్

మొన్న రియాద్‌లో మా కోడలు కొత్తగా కొన్న కారు ముందు మూత ఎత్తగానే నేను నిర్ఘాంతపోయాను. లోపల ఇంజనే లేదు! శుభ్రంగా తుడిచిన తొట్టిలాంటి ఖాళీ జాగా, అందులో ఆ పిల్ల కూరగాయల సంచులు సర్దుతోంది. ఇంజనేదమ్మా అంటే, "కరెంటు బండి అత్తయ్యా, దీనికి ఇంజనుండదు" అని నవ్వి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చప్పుడన్నది లేకుండా రోడ్డెక్కించింది. ఆ నిశ్శబ్దంలో నా చెవులు మాత్రం మా పాత బండి మోతను వెతుక్కున్నాయి.

నా వయసు వాళ్ళకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో ఈ దేశంలో ఆడవాళ్ళు కారు నడపకూడదు. నేను ఇక్కడి కొండ ఊరు అభాలో నర్సుని, మావారు రోడ్లు వేసే కంపెనీలో ఇంజనీరు. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక ఈజిప్టు డాక్టరు దగ్గర ఆయన ముచ్చటపడి ఒక పాత అమెరికన్ కారు కొన్నారు. మంచమంత బానెట్, గేర్లు మార్చే పనిలేని బండి. శుక్రవారం వచ్చిందంటే ఆయన తల ఆ బానెట్ కింద దూరిపోయేది. ప్రహరీ లోపలే కదా అని నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, కొంచెం తొక్కు, చాలు, వదులు అంటూ ఉండేవారు, సరదా పుడితే వాకిట్లోనే అటూ ఇటూ నడిపించేవారు.

పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందే నిప్పురవ్వ పడాలని, వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందు పడాలని ఆయన చెబుతుంటే, నాకు మా అమ్మమ్మా పిన్నీ ఒకే రోట్లో వడ్లు దంచడం గుర్తొచ్చేది. ఒకరి పోటు రవ్వంత ముందు పడిందా, రోకలికి రోకలి తగిలి టంగుమనేది. రవ్వ మరీ ముందు పడితే ఇంజనూ అలాగే టకటక కొట్టుకుంటుంది, ఆలస్యమైతే నీరసపడి కాగిపోతుంది. ఆ రవ్వను పంచేది డిస్ట్రిబ్యూటర్, దాన్ని అటూ ఇటూ తిప్పితే రవ్వ పడే వేళ, అంటే టైమింగ్, మారుతుంది. ఇక దాని పక్కన చిన్న రేకు డబ్బా, అందులో పలచటి రబ్బరు పొర ఉంటుంది. చదునైన రోడ్డు మీద తేలిగ్గా పోతున్నప్పుడు ఇంజను పీల్చే గాలి ఒక సన్నటి గొట్టంలోంచి ఆ పొరను లాగి, రవ్వను మరికాస్త ముందుకు జరుపుతుంది. ఆ గొట్టాన్ని నోటితో పీల్చి చూడు, పట్టు ఉంటే పొర బాగున్నట్టు అనేవారు. సగం విని సగం వదిలేశాననే అనుకున్నాను.

ఒక ఈద్ సెలవులకు రియాద్‌లో మా అక్కయ్య ఇంటికి బయలుదేరాం. పక్కనున్న ఖమీస్ దాటి బీషా ఊరి వైపు చాలా దూరం వెళ్ళాక బండి లాగడం మానేసింది, నీళ్ళు సలసలా కాగాయి. మిట్టమధ్యాహ్నం, కనుచూపు మేర రాళ్ళూ ఇసుకా తప్ప మరేమీ లేవు. ఆయన దిగి, గొట్టం పీల్చి చూసి, పొర చిరిగిపోయిందన్నారు. బండి కాస్త చల్లబడ్డాక నీళ్ళు పోసి, ప్రస్తుతానికి టైమింగ్ చేత్తోనే ముందుకు జరుపుతానని డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేశారు. అంతలోనే ఆ డిస్ట్రిబ్యూటర్‌నే పట్టుకుని పక్కకు ఒరిగిపోయారు.

ముఖం బూడిదరంగు, ఒళ్ళంతా చల్లటి చెమట. రోజూ ఆసుపత్రిలో చూసే గుండెపోటే, ఈసారి నా మనిషికి. సంచిలోని ఆస్పిరిన్ నమిలించి, ఆయన్ని ఎలాగో వెనక సీట్లోకి లాగాను. చెయ్యెత్తి అరిచినా ఒక లారీ ఆగకుండా వెళ్ళిపోయింది. సెల్‌ఫోన్లు లేని కాలం. తాళం తిప్పితే ఇంజను ఎదురు తన్ని ఢామ్మని పేలింది. ఆయన పడిపోతూ పట్టుకున్నప్పుడు డిస్ట్రిబ్యూటర్ మరీ ముందుకు తిరిగిపోయిందన్నమాట.

అప్పుడు నా చేతులు చేసిన పనికి ఇప్పటికీ నాకు విస్మయమే. చిరిగిన పొర గుండా గాలి చొరబడకుండా ఆ పీల్చుకునే గొట్టానికి పెన్ను మూత బిగించి, డిస్ట్రిబ్యూటర్‌ను కొంచెం వెనక్కి జరిపి తాళం తిప్పితే ఇంజను అందుకుంది. టకటకమంటుంటే ఇంకాస్త వెనక్కి, మోత మెత్తబడేదాకా చెవితోనే చూసుకుంటూ జరిపి బోల్టు బిగించాను. వేళ్ళు కాలిన సంగతి తర్వాతెప్పుడో తెలిసింది. బండి తిప్పుకుని వచ్చిన దారినే వెనక్కి నడిపాను.

చెక్‌పోస్టు దగ్గర మీసాలు కూడా సరిగా రాని పోలీసతను అద్దంలోంచి నన్ను చూసి కొయ్యబారిపోయాడు. డ్రైవరెక్కడ అన్నాడు. "నేనే. వెనక మా ఆయన. గుండె" అన్నాను వచ్చీరాని అరబ్బీలో. జైలో, దేశం నుంచి పంపేయడమో అనుకుంటుంటే అతను అటూ ఇటూ చూసి, "ఉఖ్తీ, దిగకు. నా వెనకే రా" అని జీపెక్కి సైరన్ వేశాడు. అక్కా అన్నాడు నన్ను! ఆసుపత్రి గేటుకు ఇవతలే ఆపించి, నన్ను వెనక సీట్లోకి పంపి, తాను స్టీరింగ్ పట్టి లోపలికి తీసుకెళ్ళాడు. "దారిలో కనబడ్డారు, బండి నేనే నడిపి తెచ్చాను" అని అందరికీ చెప్పాడు. పేరైనా అడగకముందే వెళ్ళిపోయాడు.

ఆయన బతికారు. ఇంటికొచ్చాక ఒకనాడు బండి స్టార్టు చేసి, కాసేపు చెవి ఒగ్గి విని, తెల్లబోయిన ముఖంతో లోపలికొచ్చారు. "టైమింగ్ ఎవరు పెట్టారే?" అన్నారు. నేనే అన్నాను. ఉన్నచోటే కూర్చుండిపోయారు. ఆ సంగతి మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది, ఆయన పోయాక నా ఒక్కదానిలోనే.

మొన్న కారులో ఇదంతా చెబితే కోడలు నమ్మలేక, సిగ్నల్ పచ్చబడినా నన్నే చూస్తూ ఉండిపోయింది. నాకేమో ఆమెను చూస్తేనే ఆశ్చర్యం. ఆ సీట్లో కూర్చుని రోడ్డెక్కడానికి నాకు మా ఆయన ప్రాణం మీదికి రావలసి వచ్చింది, ఈ పిల్లకు ఇంట్లో కొత్తిమీర అయిపోతే చాలు.